ముందు గాలి, తర్వాత చెట్టు, ఆ పైనే మంచె

నవంబరులో థాంక్స్‌గివింగ్ గురువారానికి ముందొచ్చే శనివారం తెల్లవారకముందే విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్షలమంది నారింజరంగు కోట్లు తొడుక్కుని అడవి దారి పడతారు. తొమ్మిది రోజుల తుపాకీ జింకల వేట ఆ పొద్దున మొదలవుతుంది. అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న మా పెద్ద మనవడికి ఈ ఏడు తనూ వెళ్లాలని బుద్ధి పుట్టింది. వేటగాళ్ల శిక్షణ తరగతిలో చేరి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఆ రాష్ట్రంలో మామూలుగా అది ఉంటేనే లైసెన్సు. మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, షాపులో మంచెలే ఎన్నో రకాలు పెట్టారు. నిచ్చెన మంచెట, గుడారంట, చెట్టుకు వేలాడే పట్టీట. నీకు ఫిజిక్స్ తెలుసుగా, ఏది కొనమంటావు?" అన్నాడు. వాడికి చెప్పిన కబుర్లే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో ఈ ముచ్చటకు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా, కణితినైనా, కృష్ణజింకనైనా వేటాడటం జైలుకు పంపే నేరం. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. వాటిని కాపాడుకోవడమే మన పని. నేను చెప్పేదంతా అమెరికా తెల్లతోక జింక సంగతి. దాని కథ వేరు. 1900 ప్రాంతంలో వేట మితిమీరి అమెరికా మొత్తం మీద ఐదు లక్షలకు అటూ ఇటూ మిగిలాయి. తర్వాత చట్టాలు వచ్చాయి. తుపాకుల మీద, తూటాల మీద వేసిన పన్నును వన్యప్రాణుల రక్షణకే ఖర్చుపెట్టాలని 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చారు. జింకలు తేరుకున్నాయి. అయితే వాటిని తినే తోడేళ్లు, కూగర్లు మాత్రం తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల తిరిగి రాలేదు. ఇప్పుడు జింకలు కోట్లలో ఉన్నాయి. అడవిలో మొలిచిన ప్రతి లేతమొక్కనూ కొరికేస్తుంటే కొత్త చెట్లు పైకి లేవవు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆల్డో లియోపోల్డ్ 1940ల్లోనే ఈ ప్రమాదం గురించి గట్టిగా మొత్తుకున్నాడు. ఆయన కూడా వేటగాడే. ఆ రాష్ట్రం ప్రతి ఏటా ఇన్నని లెక్కగట్టి వేటకు అనుమతి ఇవ్వడం వెనక ఇదంతా ఉంది.

సరే, మంచె సంగతికి వద్దాం నాయనా. మన జొన్నచేలలో మంచె వేసేది పిట్టలకు కనబడటానికి, వినబడటానికి. దాని మీద నిలబడి కేకలేస్తాం, వడిసెల తిప్పుతాం. నువ్వెక్కబోయే మంచె పని సరిగ్గా దానికి తలకిందులు. అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి జింక ముక్కుకు, చెవికి, కంటికి తెలియకూడదు. అందుకని షాపులో ఏ రకం ఉందో చూడకముందు జింక ఏ దారిన నిన్ను పసిగడుతుందో తెలుసుకోవాలి. మంచె ఎంపిక అక్కడ మొదలవుతుంది.

మొదటి కాపలా ముక్కు. జింక మూతి పొడుగు ఊరికే రాలేదు. లోపల పలచని ఎముకలు చుట్టలు చుట్టలుగా మడతపడి ఉంటాయి. వాటి మీద పరుచుకున్న తడిపొరలో వాసన పట్టే కణాలుంటాయి. మడతలు ఎక్కువైన కొద్దీ పొర వైశాల్యం ఎక్కువ, ఆ కొద్దీ వాసన పట్టే శక్తి ఎక్కువ. జింక పడుకునే తీరు చూస్తే ఆ ముక్కును అది ఎంత నమ్ముకుందో తెలుస్తుంది. తరచుగా గాలి తన వీపు వైపునుంచి వచ్చేలా చూసుకుని పడుకుంటుంది. వెనకనుంచి వచ్చేదాన్ని ముక్కు చెబుతుంది, ముందునుంచి వచ్చేదాన్ని కళ్లు చూసుకుంటాయి.

వాసన చంపుతామని షాపుల్లో స్ప్రేలు, సబ్బులు అమ్ముతారు. వాటి మీద డబ్బు తగలెయ్యకు. మన ఒంటినుంచి చర్మకణాలు నిమిషం తీరిక లేకుండా రాలుతుంటాయి. చర్మం మీది సూక్ష్మజీవులు చెమటను విడగొట్టి వాసన పుట్టిస్తూనే ఉంటాయి. ఊపిరి వదలకుండా ఎవరుంటారు? పొద్దున స్నానం చేసి వెళ్లినా గంటలో నీ వాసన నీకు వచ్చేస్తుంది. దాన్ని ఆపలేవు. అది ఎటు పోవాలో మాత్రం గాలిని బట్టి చోటు ఎంచుకుని నువ్వు నిర్ణయించుకోగలవు.

గాలి అనగానే ఫోన్‌లో చూస్తావు, వాయవ్యం నుంచి గంటకు ఇన్ని మైళ్లని వస్తుంది. అది ఊరి మొత్తానికి చెప్పిన మాట. నీ చెట్టు కింద గాలి వేరే లెక్కలో నడుస్తుంది. పొద్దెక్కాక ఎండ కొండవాలును వేడి చేస్తుంది. వాలును ఆనుకున్న గాలి వేడెక్కి తేలికై పైకి పాకుతుంది. సాయంత్రం నేల చల్లబడగానే గాలీ చల్లబడి బరువెక్కి, నీళ్లు పారే దారినే వాగు వైపు జారుతుంది. పైన వీచే గాలి నెమ్మదించిన రోజున ఈ చిన్న గాలిదే పెత్తనం. ఎండ పడ్డాక వాలు పైభాగంలో కూర్చుంటే నీ వాసన నీ తల మీదుగా పైకి పోతుంది, కింద బాటలో నడిచే జింకకు అందదు. సాయంత్రం అదే చోట కూర్చుంటే నీ వాసన మొత్తం ఆ బాట మీదికే దిగుతుంది. అప్పుడు నువ్వు బాటకు దిగువన ఉండాలి. అంటే పొద్దుటి మంచె వేరు, సాయంత్రం మంచె వేరు. తెల్లవారుజామున చీకట్లో గాలి ఇంకా కిందికే జారుతుంటుందనీ, పొద్దు పొడిచిన కాసేపటికి అది దిశ మార్చుకునే వేళ ఎటూ తేలక సుడులు తిరుగుతుందనీ కూడా గుర్తుపెట్టుకో.

ఈ గాలిని కళ్లతో చూసే ఉపాయం ఒకటి అక్కడి పాత వేటగాళ్ల దగ్గరుంది. పొలాల గట్ల మీద మిల్క్‌వీడ్ అనే మొక్క పెరుగుతుంది, మన జిల్లేడుకు చుట్టం. రెండిటిదీ ఒకే కుటుంబం. తుంపితే పాలు కారతాయి, కాయ పగిలితే మెత్తని దూది తగిలించుకున్న గింజలు ఎగిరిపోతాయి. శరదృతువులో ఒక ఎండుకాయ కోసి జేబులో వేసుకుంటారు. చెట్టెక్కి కూర్చున్నాక ఒక్క గింజను దూదితో సహా వేళ్ల మధ్యనుంచి వదులుతారు. సాయంత్రం పూట వదిలి చూడు. మొదట నీ ముఖానికి ఎదురుగా పది గజాలు హాయిగా పోతుంది. అక్కడ ఓక్ కొమ్మల నీడలోకి వెళ్లగానే ఆగి, ఒకసారి గిర్రున తిరిగి, ఎవరో దారం పట్టి లాగినట్టు కిందికి దిగి, నేలకు మూరెడు ఎత్తున వాగు వైపు మళ్లుతుంది. తుప్పల చాటుకు పోయేదాకా కళ్లు తిప్పకుండా చూడాలి. పౌడరు చల్లినా గాలి తెలుస్తుంది గానీ రెండు గజాల అవతల అది మాయమైపోతుంది. దూది చాలాదూరం కనబడుతుంది, నీ వాసన పోయే దారి మొత్తం గీసి చూపిస్తుంది. వేట మొదలవకముందే రెండు మూడు సాయంత్రాలు ఈ పని చేసి, ఆ దారి జింకల బాటను ఎక్కడ తాకుతుందో చూసుకో. తాకని చోట ఉన్న చెట్టే నీ చెట్టు. ఎంత మంచి మంచె కొన్నా తాకే చోట కడితే అది దండగే.

ఇక కళ్లు. మన కంట్లో రంగు పట్టే శంకుకణాలు మూడు రకాలు, జింకకు రెండే. 1990ల మొదట్లో జార్జియా విశ్వవిద్యాలయంలో దీన్ని కొలిచి చూశారు. ఒక రకం నీలానికి స్పందిస్తే, రెండోది పసుపుపచ్చ, ఆకుపచ్చల ప్రాంతానికి స్పందిస్తుంది. ఎరుపును విడిగా పట్టేది లేదు. నువ్వు తొడుక్కునే నారింజరంగు కోటు తోటి వేటగాడికి అరమైలు దూరంనుంచి మంటలా కనబడుతుంది, జింకకు మాత్రం చుట్టూ ఉన్న గడ్డి, ఆకుల్లో కలిసిపోతుంది. ఆ కోటు మీద చిన్నచూపు వద్దు, నీ ప్రాణానికి అదే కాపలా. నీలం విషయంలో మాత్రం జింక మనకంటే చురుకు. దాని కంటి కటకం అతినీలలోహిత కాంతిని కొంత లోపలికి రానిస్తుంది, మనది రానివ్వదు. అందుకని నీలం జీన్స్ వద్దు. బట్టలు తళతళలాడటానికి కలిపే రసాయనాలున్న సబ్బుపొడితో వేటబట్టలు ఉతకవద్దు.

జింకకు కళ్లు తలకు చెరోపక్క ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు 300 డిగ్రీల మేర చూస్తుంది. కనుపాప అడ్డంగా సాగి ఉంటుంది. నేల వెంబడి, దిగంతం వెంబడి వచ్చే కదలికను పట్టడానికే ఆ కన్ను తయారైంది. దానికి బద్ధశత్రువులు నడిచివచ్చేవే కదా. మనిషి 15 అడుగుల పైకి పోగానే ఆ చూపు పట్టీనుంచి కొంత తప్పుకుంటాడు. చెట్టు మంచె పనిచెయ్యడానికి మూలం ఇదే. పూర్తిగా తప్పుకుంటాడని మాత్రం అనుకోకు. వేట ఒత్తిడి ఎక్కువున్న అడవుల్లో ముసలి ఆడజింకలు తలెత్తి చెట్లు చూడటం నేర్చుకుంటాయని అక్కడివాళ్లు చెబుతారు. వెనక ఆకాశం ఉన్న మనిషి నల్లని బొమ్మలా తేలతాడు, చెయ్యి కదిపితే చాలు దొరికిపోతాడు.

కాబట్టి నీ వెనక ఏముందన్నది ముఖ్యం. ఇక్కడ చాలామంది తప్పు చేసేది క్యాలెండరు దగ్గర. సెప్టెంబరులో చెట్టు చూస్తారు, నిండా ఆకులు, మంచె కడతారు. నవంబరు మూడో వారానికి ఆ మేపుల్ చెట్టు బోడిదైపోతుంది. ఓక్ చెట్లలో, బీచ్ చెట్లలో కొన్ని ఎండిన ఆకుల్ని వెంటనే రాల్చవు. మామూలుగా ఆకుతొడిమ మొదట్లో ఒక పొర ఏర్పడి ఆకును తెంపుతుంది. వీటిలో, ముఖ్యంగా లేత చెట్లలో, ఆ పని చలికాలం దాటేదాకా పూర్తికాదు. గోధుమరంగు ఆకులు గలగలమంటూ కొమ్మనే పట్టుకుని ఉంటాయి. అలాంటి చెట్టు గానీ, హెమ్లాక్, సెడార్ వంటి ఎప్పుడూ పచ్చగా ఉండేది గానీ నీ వెనక ఉండేలా చూసుకో. వీలైతే సూర్యుడు కూడా నీ వెనకే ఉండాలి. నీ వైపు చూసే జింక కళ్లలో వెలుగు పడాలి.

గాలి చెప్పింది, చూపు చెప్పింది. ఇప్పుడు చెట్టును అడుగు. ఏ మంచె కావాలో సగం అదే చెబుతుంది.

దక్షిణ టెక్సస్‌లో ఈ ప్రశ్నే రాదు, ఎక్కడానికి చెట్లుంటే కదా. అక్కడ ఎటు చూసినా మెస్కీట్ పొదలు. మన ఊళ్లలో చెరువుగట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు అది సొంత దాయాది. అంతా ముళ్లు, వంకర మొదళ్లు, పొట్టి కొమ్మలు. వాళ్లు మూడు కాళ్ల ఇనుప మంచెలు, కాళ్ల మీద నిలబెట్టిన పెట్టెగదులు వాడతారు. పొదల మధ్య బారుగా నరికిన దారుల వెంబడి వాటిని నిలబెట్టి దూరంగా తుపాకీ గురిపెడతారు. అదే టెక్సస్‌లో 1932లో తెచ్చి వదిలిన మన దుప్పులు ఇప్పుడు హిల్ కంట్రీ అంతా మందలుగా తిరుగుతున్నాయి. ఇక్కడ చట్టం కాపాడే జంతువును అక్కడ బయటినుంచి వచ్చినదిగా లెక్కగట్టి వేటకు వదిలారు. నాకది మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది. కానీ కన్న అడవిలోని పులి, రేచుకుక్క వెంట రాకుండా దుప్పి ఒక్కటే వెళితే ఆ నేల మీద భారం పడుతుందన్నదీ నిజమే.

విస్కాన్సిన్‌లో చెట్లకు కొదవ లేదు. అక్కడ నీ ముందు నాలుగు దారులున్నాయి.

నిచ్చెన మంచె సంగతి తేలిక. పదిహేను, ఇరవై అడుగుల ఇనుప నిచ్చెన, పైన కుర్చీ, మొత్తాన్ని చెట్టుకు పట్టీలతో బిగిస్తారు. చెట్టు కాస్త వంకరగా ఉన్నా పనిచేస్తుంది. ఎక్కడం దిగడం ఇంట్లో నిచ్చెన ఎక్కడమంత పరిచయమైన పని. బరువు మాత్రం ఎక్కువ, నిలబెట్టడానికి ముగ్గురు మనుషులు కావాలి, ఒకసారి పెట్టాక కదపలేవు. ఎవరిదైనా సొంత పొలం గట్టున, గాలి ఎప్పుడూ ఒకే దిక్కునుంచి వచ్చే చోటికి ఇది సరిపోతుంది. గాలి మళ్లిన రోజు ఆ మంచెక్కకుండా ఉండే నిగ్రహం కూడా కావాలి.

హ్యాంగ్-ఆన్ అంటే చిన్న పలక, చిన్న సీటు. చెట్టుకు గొలుసుతోనో పట్టీతోనో తగిలిస్తారు. ఎక్కడానికి విడిగా మెట్లు కట్టుకుంటూ పోవాలి. కొమ్మలున్న చెట్టులో ఆకుల గుబుర్ల మధ్య దాక్కోవడానికి ఇంతకు మించింది లేదు. ప్రమాదమంతా మెట్టునుంచి పలక మీదికి కాలు మార్చే ఆ ఒక్క అడుగులో ఉంది.

మూడోది క్లైంబర్. దీని దగ్గర కాసేపు ఆగుతాను. తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చిన్నప్పుడు చూశావు కదా. నడుమునూ చెట్టునూ కలిపి మోకు, పాదాలకు చిన్న తాడు. వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, కాళ్లు ముడిచి పైకి లాక్కుంటాడు. పాదాలతో చెట్టును నొక్కిపట్టి నిలబడి మోకును పైకి జరుపుతాడు. క్లైంబర్ చేసేదీ అచ్చంగా అదే. పైన సీటు ముక్క, కింద పాదాల ముక్క, రెండిటికీ చెట్టు చుట్టూ తిరిగే లోహపు బంధం. సీటు మీద కూర్చుని కాళ్లతో కింది ముక్కను పైకి లాగుతావు, దాని మీద నిలబడి పై ముక్కను జరుపుతావు. నీ బరువు చెట్టుకు దూరంగా ముందుకు పడుతుంది కాబట్టి ఆ ముక్క కిందికి తిరగబోతుంది. ఆ తిరుగుడే వెనక బంధాన్నీ ముందు అంచునూ ఎదురెదురుగా బెరడులోకి నొక్కి పట్టేస్తుంది. ఎంత బరువేస్తే అంత గట్టిగా పట్టు, అంతా రాపిడి మహిమ. తాటిచెట్టుకు కొమ్మలుండవు, దీనికీ ఉండకూడదు. నిటారుగా, కొమ్మల్లేకుండా ఇరవై అడుగులు లేచిన మొదలు దొరికితే సరే, లేకపోతే ఇది మోత బరువు.

ఒక చిన్న విషయం గమనించు. చెట్టు పైకిపోయిన కొద్దీ సన్నబడుతుంది. బంధం పొడుగు మారదు. కింద పలకను సరిగ్గా మట్టంగా బిగించి ఎక్కితే, ఇరవై అడుగులు పోయేసరికి అది ముందుకు వాలి ఉంటుంది, కాళ్లు జారతాయి. అందుకని నేల మీద ఉన్నప్పుడే పలక ముందంచు కాస్త పైకి లేచి ఉండేలా బిగించాలి. పైకి పోయేసరికి మట్టానికి వస్తుంది. ఎక్కబోయే చెట్టు ఎంత త్వరగా సన్నబడుతుందో ముందే తలెత్తి అంచనా వేసుకో. పై ముక్కనూ కింది ముక్కనూ తాడుతో కలిపి కట్టడం మరచిపోకు. కింది ముక్క జారి పడితే మనిషి సీటు మీద చిక్కుకుపోతాడు.

నాలుగోది శాడిల్. మంచె అనడానికి అక్కడ మంచె ఉండదు. నడుముకు, తొడలకు వెడల్పు పట్టీ, దాన్ని చెట్టుకు తాడుతో కట్టుకుని వాలి కూర్చుంటారు. తేలిక, చెట్టు చుట్టూ తిరగవచ్చు, ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు చెట్టు మార్చవచ్చు. తాళ్ల పని చేతికి అలవాటయ్యాక ఇది నాకు అన్నిటికంటే తెలివైన సాధనంగా తోస్తుంది. మొదటి ఏడాదికి మాత్రం కాదు.

చెట్టు ఆరోగ్యం కూడా చూడాలి. 2002లో మిషిగన్‌లోని డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పురుగు బయటపడింది. యాష్ చెట్టు బెరడు కింద సొరంగాలు తొలిచి నీళ్లూ ఆహారమూ పారే దారులు తెంపేస్తుంది. అప్పటినుంచి కోట్లకొద్దీ యాష్ చెట్లు చచ్చాయి, విస్కాన్సిన్‌లో కూడా. చచ్చిన యాష్ కలప చాలా త్వరగా పెళుసుబారుతుంది. నిటారుగా, కొమ్మల్లేకుండా క్లైంబర్‌కు పిలిచినట్టు నిలబడి ఉంటుంది. దాని దగ్గరికి పోకు. బెరడు ఊడి వస్తున్నా, మొదట్లో పుట్టగొడుగులు మొలిచినా మరో చెట్టు చూసుకో. ఎవరో ఎప్పుడో మేకులు కొట్టి కట్టిన చెక్క మంచె కనబడినా సరే, ఎక్కకు. చెట్టు ఏటేటా లావెక్కుతూ ఆ చెక్కల్ని మేకులనుంచి బయటికి తోస్తూ ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు. అక్కడినుంచి జారిన మనిషి నేలను తాకడానికి పట్టేది ఒక సెకనుకు కొంచెం ఎక్కువ. తాకేటప్పటి వేగం గంటకు 39 కిలోమీటర్లు. జింకల వేటలో తుపాకీ కంటే మంచెనుంచి పడటం గురించే నేను ఎక్కువ భయపడతాను. చాలామంది పడేది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కుతూ దిగుతూ. అందుకని ఒంటి మొత్తాన్ని పట్టే హార్నెస్, నేలనుంచి పైదాకా కట్టిన లైఫ్‌లైన్ తాడు, దాని మీద నీతోపాటు జరిగే ముడి కావాలి. కాలు నేల వదిలిన క్షణంనుంచి తిరిగి నేల మోపేదాకా నీకూ చెట్టుకూ బంధం తెగకూడదు. పూర్వం నడుముకో ఛాతీకో ఒక్క బెల్టు కట్టుకునేవాళ్లు. పడ్డప్పుడు అది ఊపిరాడనివ్వక ప్రాణం తీసేది.

తాడు ఎంత వదులుండాలన్నదీ ఫిజిక్సే చెబుతుంది. తాడు ఒక మీటరు వదులుగా ఉండి, పడ్డ మనిషి పది సెంటీమీటర్లలో ఆగాడనుకో, ఒంటి మీద పడే బలం అతని బరువుకు పదకొండు రెట్లు. అదే వదులు ఇరవై సెంటీమీటర్లయితే మూడు రెట్లే. అందుకని తాడును తలకంటే పైన కట్టి, కూర్చున్నప్పుడు వదులు లేకుండా చూసుకోవాలి. పడి వేలాడుతున్నా ప్రమాదం అయిపోలేదు. తొడల పట్టీలు సిరల్ని నొక్కి రక్తాన్ని కాళ్లలోనే నిలబెట్టేస్తాయి, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. హార్నెస్‌తో ఒక చిన్న పట్టీ ఇస్తారు, దాన్ని ఉచ్చులా చేసి కాలు పెట్టి నిలబడితే రక్తం కదులుతుంది. అది అందే జేబులో ఉండాలి, ఫోన్ కూడా. తుపాకీని భుజాన వేసుకుని ఎక్కవద్దు. ఖాళీ చేసి కింద ఉంచి, పైకెక్కి కుదురుకున్నాక తాడుతో లాక్కో. మన దగ్గర కూడా తాటిచెట్లమీదనుంచి పడి ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో నీకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరున గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరాలుగా చెట్టెక్కుతున్నవాళ్లకే అది అవసరమైతే, నిన్న మొన్న ఎక్కడం మొదలుపెట్టిన నీకు ఎంత అవసరం?

ఎత్తు ఎంత అంటావా? ఇరవై అడుగులు దాటవద్దు. కొందరు ముప్పై అడుగులు పోతే జింక చూడదంటారు. లెక్క వేసి చూడు. ఇరవై అడుగుల ఎత్తునుంచి ఇరవై గజాల దూరంలో ఉన్న జింకను చూస్తే చూపు 18 డిగ్రీలు కిందికి వాలుతుంది. ముప్పై అడుగుల ఎత్తు, పది గజాల దూరమైతే 45 డిగ్రీలు. విల్లుతో వేటాడేవాడైతే, అంత నిట్రంగా పైనుంచి దిగే బాణం ఒక్క ఊపిరితిత్తినే తాకి పోవచ్చు. రెండూ తెగిన జింక కొద్ది క్షణాల్లో పడిపోతుంది. ఒక్కటే తెగినది గాయంతో చాలాదూరం పోయి ఎక్కడో ఒంటరిగా బాధపడి చస్తుంది. వేటకు దిగినవాడు ఆ జంతువుకు బాకీపడ్డది కనీసం బాధ లేని చావు. మంచె ఎత్తు దానికి అడ్డం రాకూడదు.

విల్లుతో వెళితే మంచె బాటకు దగ్గరగా ఉండి తీరాలి, దానికీ ఒక లెక్కుంది. ఈనాటి బాణం సెకనుకు తొంభై మీటర్ల వేగంతో పోతుంది. శబ్దం 340 మీటర్లు పోతుంది. ఇరవై గజాల దూరంలోని జింకకు బాణం చేరడానికి ఐదోవంతు సెకను, వింటినారి చప్పుడు చేరడానికి ఇరవయ్యోవంతు సెకను. నలభై గజాలైతే చప్పుడు విన్నాక జింక చేతిలో మూడు పదోవంతుల సెకను మిగులుతుంది. పారిపోవడానికి దూకబోయే జింక ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. ఆ కాస్త వ్యవధిలో జానెడు కిందికి దిగుతుంది, బాణం తగలరాని చోట తగులుతుంది. తుపాకీకి ఈ బాధ లేదు, తూటా శబ్దం కంటే ముందే చేరుతుంది. అందుకే తుపాకీవాడు పొలం అంచున దూరం కనబడే చోట కూర్చోగలడు. పైనుంచి కాల్చినప్పుడు తూటా నేలలోకి దిగుతుందన్నది చెట్టు మంచెతో ఉన్న ఇంకో మేలు. అయినా జింక వెనక ఏముందో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు.

ఇంతా చెప్పి, నువ్వు అడిగినదానికి జవాబు. మొదటి ఏడాది నువ్వు చెట్టెక్కవద్దు. నేల మీద గుడారం, అదే గ్రౌండ్ బ్లైండ్, కొనుక్కో. పడే భయం లేదు, వాన పడదు, చేతులు కాస్త కదిలినా బయటికి కనబడదు. దాన్ని వేట రోజుకు రెండు మూడు వారాల ముందే నిలబెట్టు. రాత్రికి రాత్రి వెలిసిన ఆకారాన్ని జింక నమ్మదు, రోజూ చూసినదాన్ని పట్టించుకోదు. చుట్టూ అక్కడి కొమ్మలే ఆనించు. లోపల గోడలు నల్లగా ఉన్నాయని నారింజరంగు కోటు మాత్రం విప్పకు. వెనక కిటికీలు మూసెయ్యి, లేకపోతే వెనక వెలుగులో నీ తల తేలుతుంది. గుడారం పైన మాత్రం నారింజరంగు గుడ్డ నాలుగువైపులా కనబడేలా కట్టు. లోపల ఉన్న నీ కోటు బయటివాళ్లకు కనబడదు కదా. నేల మీద ఉన్నావు కాబట్టి తూటా అడ్డంగా పోతుందన్నది ఇంకా గట్టిగా గుర్తుండాలి. గాలి విషయంలో గుడారం నిన్ను కాపాడదు, దూదిగింజ చెప్పిన చోటే పెట్టాలి. చలికి గ్యాస్ హీటరు వెలిగించాలనిపిస్తుంది. మూసిన చోట అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. రెండు జతల ఉన్నిమేజోళ్లు, కింద మందపాటి స్పాంజి దిండు చాలు.

రెండో ఏడాది నువ్వు వేటాడే చోట గాలి నీకు అర్థమయ్యాక, తెలిసినవాళ్లతో కలిసి ఒక నిచ్చెన మంచె నిలబెట్టుకో. ప్రభుత్వ అడవిలో వేటాడేటట్టయితే మంచెను రాత్రిపూట అక్కడ వదలవచ్చా, చెట్టుకు మరలు దింపవచ్చా అన్నది ఆ చోటి నిబంధనల్లో చూసుకున్నాకే కొను. సీజను అయిపోగానే పట్టీలు విప్పి ఇంటికి తెచ్చుకో. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్ పోగుల్ని లోపలినుంచి తెంపుతాయి, బయటికి రంగు కాస్త వెలిసినట్టు మాత్రమే కనబడుతుంది. ఆ పైన చెట్టు వేసవంతా లావెక్కి పట్టీని బిగదీస్తుంది. పాతది చవగ్గా దొరికిందని ఎవరిదగ్గరా హార్నెస్ కొనకు. కొత్తదే కొని, దాని మీద కుట్టిన చీటీలో తయారైన తేదీ, పనికొచ్చే గడువు, మోయగల బరువు చూసి, కోటూ బూట్లూ సంచీ అన్నీ కలిపి నీ బరువు ఎంతవుతుందో తూచుకుని తీసుకో.